తంత్రి కంపమునుండి విద్యుత్తు: గిటారు పికప్‌లో మార్పులు, మరమ్మతులు

వేసవి ముదిరినకొలది సిద్దిపేట పట్టణములో మోటార్ల వైండింగు దుకాణములకు పని పెరుగును. చిరకాలము బోరుబావులను నమ్ముకొని సేద్యము సాగించిన ప్రాంతమిది. కరెంటు హెచ్చుతగ్గులవలనగాని, నీరు అడుగంటి మోటారు వేడెక్కుటవలనగాని లోపలి రాగితీగె చుట్ట కాలిపోవును. మెకానిక్కు పాత తీగెను కోసి తీసి, చుట్లను లెక్కపెట్టి, అంతే మందముగల క్రొత్త తీగెను అన్నియే చుట్లు చుట్టి మోటారును మరల నడిపించును. రైతు మోటారును పారవేయడు. పాడైన భాగమును మాత్రమే మార్పించుకొనును.

అదే పట్టణములో ఒక విద్యార్థి ఎలక్ట్రిక్ గిటారు హఠాత్తుగా మూగపోయినదనుకొనుడు. తంత్రులు బాగుగానే ఉన్నవి. యాంప్లిఫయరు బాగుగానే ఉన్నది. కాని తంత్రులక్రింద నున్న పికప్ అను చిన్నపెట్టె పనిచేయుట లేదు. "అది బాగుకాదు, క్రొత్తది కొనవలసినదే" అని తరచుగా వినవచ్చు సలహా. ఆ పికప్ లోపల నున్నది కూడ రాగితీగె చుట్టయే, దానితోబాటు ఒక అయస్కాంతము. మోటారులో విద్యుత్తు ప్రవహించి చలనము పుట్టును. పికప్‌లో చలనమునుండి విద్యుత్తు పుట్టును. రెండును ఒకే సూత్రమునకు రెండు ముఖములు. కావున మోటారువలెనే పికప్‌ను కూడ విప్పవచ్చును, కొలువవచ్చును, భాగములను మార్చవచ్చును. అయితే ఏ భాగమును మార్చినచో ధ్వనిలో ఏమి మారునో తెలియక మొదలు పెట్టినవాని చేతిలో బాగుగా నున్న పికప్ కూడ పాడగుట కద్దు.

పికప్ వినునది ధ్వనిని కాదు

మైక్రోఫోను గాలిలోని ధ్వనితరంగములను గ్రహించును. గిటారు పికప్‌కు గాలితో పని లేదు. దానిలోని అయస్కాంతము పైనున్న ఉక్కు తంత్రిని కూడ కొద్దిగా అయస్కాంతముగా మార్చును. తంత్రిని మీటగానే ఆ చిన్న అయస్కాంతము ఇటునటు కదలును. అందువలన తీగెచుట్టగుండ పోవు అయస్కాంత అభివాహము క్షణక్షణము మారును. ఆ మార్పువలన చుట్టలో విద్యుచ్చాలక బలము పుట్టును. ఇది 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న ప్రేరణ ధర్మమే. తంత్రి సెకనుకు 110 సార్లు కంపించినచో చుట్టలోని విద్యుత్తు కూడ 110 సార్లు దిశ మార్చుకొని మరల మొదటికి వచ్చును. యాంప్లిఫయరు దానిని పెంచి లౌడుస్పీకరునకు అందించును.

ఇందుండి ఒక ముఖ్య విషయము తేలుచున్నది. ఇనుము, నికెలు వంటి అయస్కాంత పదార్థము లేని తంత్రిని పికప్ గుర్తింపజాలదు. నైలాను తంత్రులు కట్టిన గిటారుకు ఈ పికప్ ఎంత ఖరీదైనది పెట్టినను ప్రయోజనము లేదు. ఇత్తడి తంత్రులు వాడు వీణల విషయము మరింత ఆసక్తికరము: ఉక్కుతో చేసిన సారణి తంత్రి చక్కగా పలుకును, మందర స్థాయిలోని ఇత్తడి తంత్రి దాదాపు వినిపింపదు. వీణకు అయస్కాంత పికప్‌కు బదులు కొయ్యకు అంటించు సాధనమును వాడుటకు ఇదియొక కారణము. ఆ సాధనములోని స్ఫటికము కొయ్య అదురునకు నొక్కబడి విద్యుత్తును పుట్టించును. అది వేరొక సూత్రము.

ఈ ఉపాయమును గిటారునకు మొదట విజయవంతముగా అమర్చినవారిలో అమెరికాకు చెందిన జార్జి బోషాం ముఖ్యుడు. 1930ల ఆరంభములో వాద్యబృందములలో కొమ్ముబాకాల, మద్దెలల మోతకు గిటారు వినిపించెడిది కాదు. అతడు గుఱ్ఱపునాడా ఆకారముగల రెండు అయస్కాంతములను తంత్రులచుట్టు అమర్చి, క్రింద తీగెచుట్టను ఉంచెను. వాద్యము గుండ్రని చిన్న పొట్టతో, పొడవైన కాడతో ఉండుటచే జనులు దానిని వేపుడు పెనమని పిలిచిరి. 1932లో అది అంగళ్లలోనికి వచ్చినది. 1937లో పేటెంటు లభించినది.

పాలకొల్లు బాలుని మాండొలిన్

వాద్యములోని భాగములను మార్చుటవలన ఏమి సాధింపవచ్చునో తెలుగువారికి దూరముగా వెదుకనక్కరలేదు. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములలో తొలి కచేరి చేసెను. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడి వినిపించగా శిష్యుడు దానిని మాండొలిన్‌పై పలికించెడివాడు. 1998లో పద్మశ్రీ పురస్కారమును పొందిన ఆ విద్వాంసుడు 2014లో మరణించువరకు మాండొలిన్ పేరునే ఇంటిపేరుగా ధరించెనని చెప్పవచ్చును.

పాశ్చాత్యుల మాండొలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తంత్రులుండును. మీటినంతనే స్వరము పుట్టి త్వరలోనే అణగిపోవును. కర్ణాటక సంగీతమునకు ఇది చాలదు. ఒక స్వరమును నిలిపి, ఊపి, మరొక స్వరమువరకు జారవలెనన్నచో నాదము అంతసేపు బ్రతికి ఉండవలెను గదా! శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను గ్రహించి, జంట తంత్రులకు బదులు ఐదు ఒంటి తంత్రులను వాడెను. విద్యుత్తు సహాయముతో సన్నగిల్లుచున్న కంపనము కూడ చెవికి అందును. కావున స్వరము నిలిచినట్లు తోచును. ఒంటి తంత్రివలన లాభము వేరు. జంటను ప్రక్కకు లాగినచో రెండు తంత్రులు ఒకే మోతాదులో బిగుసుకొనుట కష్టము, శృతులు విడిపోవును. ఒంటి తంత్రికి ఆ చిక్కు లేదు.

ఇట్టి మార్పు చేయువారు పికప్‌ను గూర్చి కూడ ఆలోచింపవలసి యుండును. సాధారణ పికప్‌లో ప్రతి తంత్రిక్రింద ఒక్కొక్క లోహపు మొలక ఉండును. దీనిని ధ్రువముక్క అందురు. తంత్రుల సంఖ్యగాని, ఎడముగాని మారినచో కొన్ని తంత్రులు మొలకలకు నడుమ పడి నీరసముగా పలుకును. గమకము కొరకు తంత్రిని ప్రక్కకు లాగినపుడు కూడ అంతే: తంత్రి మొలకపైనుండి తొలగును, ధ్వని తగ్గును. మొలకలను తీసివేసి పొడవునా ఒకే ఉక్కుపట్టీ నిలిపిన పికప్‌లలో ఈ లోపము చాలవరకు పోవును. మన సంగీతమునకు గిటారును వాడువారు క్రొత్త పికప్ ఎన్నుకొనునపుడు పట్టీ పికప్‌ను ముందుగా చూచుట మేలు.

మొదట మరచుట్టు తిప్పి చూడవలెను

పికప్‌కు రెండు ప్రక్కల రెండు మరలుండును. అవి దానిని తంత్రులకు దగ్గరగాగాని దూరముగాగాని జరుపును. రూపాయి ఖర్చులేని ఈ మార్పును వదలి వేల రూపాయల క్రొత్త పికప్ కొనువారు ఎందరో! చివరి మెట్టువద్ద తంత్రిని నొక్కి పట్టినపుడు తంత్రికిని మొలకకును మధ్య 2 లేక 3 మిల్లీమీటర్ల ఎడముండుట సామాన్యము. దగ్గరకు జరిపినకొలది ధ్వని హెచ్చును. అది చూచి పూర్తిగా పైకెత్తరాదు. బలమైన అయస్కాంతము తంత్రిని తనవైపు లాగి కంపనమును చెరచును. లావు తంత్రిని పై మెట్లవద్ద మీటినచో స్వరము ఒకటిగాక రెండై కొట్టుకొనుచున్నట్లు వినబడును. శృతి సరిగా కుదరదు. వాద్యము చెడినదని బాధపడనక్కరలేదు. పికప్‌ను రెండు చుట్లు దించిన చాలును.

గిటారుపై రెండుమూడు పికప్‌లు ఎందుకుండునో సోనోమీటరుతో ప్రయోగము చేసిన విద్యార్థి తేలికగా గ్రహింపగలడు. తంత్రి ప్రాథమిక స్వరముతోబాటు రెండింతలు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యముగల అతిస్వరములను కూడ పలుకుచుండును. తంత్రి పొడవులో నాలుగవ వంతువద్ద నాలుగింతలు పౌనఃపున్యముగల అతిస్వరమునకు అస్పందన స్థానము ఏర్పడును. అచ్చట పికప్ ఉంచినచో, మెట్టు నొక్కని తంత్రిలో ఆ స్వరము దానికి వినబడదు. గుఱ్ఱము దాపున అన్ని స్వరములకును కదలిక స్వల్పమే, కాని ప్రాథమిక స్వరమునకు మరింత స్వల్పము. కావున అచ్చటి పికప్ సన్నగా, పదునుగా పలుకును. ఒకే పికప్‌ను తీసి చోటు మార్చి పెట్టినచో వేరు పికప్ పెట్టినట్లే తోచును.

ఓముల మోజు

పికప్‌లు అమ్మువారు నిరోధమును ఓములలో తెలుపుదురు. ఎక్కువ ఓములున్నది ఎక్కువ బలమైనదని కొనువారి నమ్మకము. ఇందు సగమే నిజము. ఒంటిచుట్ట పికప్‌లో సుమారు 8000 చుట్లుండును. నిరోధము 6000 ఓముల ప్రాంతము. వాడు రాగితీగె వ్యాసము 0.063 మిల్లీమీటరు, అనగా తలవెండ్రుకవంటిది. రాగి విశిష్ట నిరోధమునుబట్టి లెక్కించినచో ఈ తీగె మీటరుకు సుమారు 5.4 ఓముల నిరోధము చూపును. 6000ను 5.4చే భాగించినచో 1100 మీటర్లు వచ్చును. అరచేతిలో ఇముడు పెట్టెలో ఒక కిలోమీటరుకు పైబడిన తీగె! దానిని 8000 చుట్లచే భాగించిన ఒక్కొక్క చుట్టు 14 సెంటీమీటర్లకు కొంచెము తక్కువ. పికప్‌ను కొలబద్దతో కొలిచి ఈ లెక్కను తరగతిలోనే సరిచూడవచ్చును.

ఇప్పుడు అన్నే చుట్లను ఇంకను సన్నని తీగెతో చుట్టినచో ఓములు పెరుగును. పుట్టు విద్యుచ్చాలక బలము మాత్రము చుట్లనుబట్టి ఉండును గాన పెరుగదు. ఓములు కొలుచునపుడు మరొక మోసము కూడ కలదు. రాగి నిరోధము డిగ్రీ సెల్సియసుకు సుమారు 0.39 శాతము పెరుగును. 20 డిగ్రీలవద్ద 6000 ఓములు చూపిన పికప్ సిద్దిపేటలో మే నెల మధ్యాహ్నము 42 డిగ్రీలవద్ద 6500 ఓములు చూపును. పికప్ బలపడలేదు, ఎండ కాచినదంతే.

ధ్వని గుణమును నిజముగా నిర్ణయించునది చుట్ట యొక్క ప్రేరకత్వము. దీనిని హెన్రీలలో కొలుతురు. ఒంటిచుట్ట పికప్‌కు 2.5 హెన్రీలు, జంటచుట్ట పికప్‌కు 4.5 హెన్రీలు ఉండుట సామాన్యము. దీనితో జతకలియునది గిటారునుండి యాంప్లిఫయరునకు పోవు తీగెలోని కెపాసిటీ. మీటరుకు సుమారు 100 పికోఫారడులు. ప్రేరకత్వము, కెపాసిటీ కలిసినచోట అనునాదము తప్పదు. రేడియోలో స్టేషను ఎన్నుకొను వలయమువలెనే ఇదియు ఒకానొక పౌనఃపున్యమును ఎత్తి చూపి, అంతకు పైవానిని అణచివేయును. 2.5 హెన్రీల పికప్‌కు 5 మీటర్ల తీగె తగిలించినచో, చుట్టలోని స్వంత కెపాసిటీ 100 పికోఫారడులు కలుపుకొని, అనునాదము 4100 హెర్ట్జుల ప్రాంతమున వచ్చును. 4.5 హెన్రీలకు అది 3000కు కొంచెము పైన. మొదటిది గలగలమని, రెండవది నిండుగా పలుకుటకు రహస్యమిదే.

ఒక విచిత్రము చూడుడు. మొదటి పికప్‌కే 5 మీటర్లకు బదులు 10 మీటర్ల తీగె తగిలించినచో అనునాదము 4100నుండి 3000 హెర్ట్జులకు దిగివచ్చును. ధ్వని పదును తగ్గవలెనని క్రొత్త పికప్‌ను ఎంచుకొనువాడు ముందు పొడవైన తీగెను అరువు తెచ్చుకొని పరీక్షింపవచ్చును. పదును చాలలేదనువాడు పొట్టి తీగెను తగిలింపవచ్చును.

తీగె తరువాత చవుకగా మార్చదగినవి ధ్వనిని పెంచి తగ్గించు నిరోధకము, టోను కెపాసిటరు. ఒంటిచుట్ట పికప్‌లకు 250 వేల ఓములు, జంటచుట్ట వానికి 500 వేల ఓములు గల నిరోధకములను వాడుట ఆచారము. విలువ తక్కువైనకొలది అనునాద శిఖరము మొద్దుబారును. మూగగా నున్న గిటారులో 250 వేలను తీసి 500 వేలను పెట్టినచో పికప్ మార్చినంత తేడా వినవచ్చును. కెపాసిటరు సంగతి వేరు: టోను పూర్తిగా తెరచి ఉంచువానికి దాని విలువ మార్చినను వినబడు తేడా లేదనదగును. పూర్తిగా మూసినపుడు 0.022 మైక్రోఫారడు కెపాసిటరు 4.5 హెన్రీల పికప్ అనునాదమును 500 హెర్ట్జుల వద్దకు దించును. కొందరు పాత రకపు కెపాసిటర్లకు పెద్ద ధరలిచ్చి కొనుచున్నారు. విలువ సమానమైనచో ధర చెవికి వినబడదు.

రొద ఎచ్చటనుండి?

ఇంటి కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు చేయును. ఫ్యాను మోటారు, ట్రాన్స్‌ఫార్మరు ఇవన్నియు 50 హెర్ట్జుల అయస్కాంత క్షేత్రమును వెదజల్లుచుండును. ఒంటిచుట్ట పికప్ తంత్రికిని ఫ్యానుకును భేదమెరుగదు, రెంటిని వినిపించును. గిబ్సన్ సంస్థలో పనిచేసిన సెత్ లవర్ అను ఇంజనీరు 1955లో పేటెంటునకు అర్జీ పెట్టి 1959లో పొందిన జంటచుట్ట పికప్ దీనికి చక్కని విరుగుడు. ఇందు రెండు చుట్టలు ఒకదానికొకటి వ్యతిరేక దిశలో కలుపబడును. వాని మొలకలలో ఒక వరుస ఉత్తర ధ్రువము, రెండవది దక్షిణ ధ్రువము. బయటి రొద రెండు చుట్టలలోను ఒకే విధముగా పుట్టి, వ్యతిరేకముగా కలిసి రద్దగును. తంత్రి సంకేతమునకు చుట్ట దిశ ఒకసారి, ధ్రువము ఒకసారి, మొత్తము రెండుసార్లు తిరుగుడు పడుటచే రెండును కూడుకొనును. రుణమును రుణముతో గుణించిన ధనమగుటను ఇంత చక్కగా చూపు ఉదాహరణము దొరుకుట కష్టము.

నాలుగు తీగెలు బయటకు వచ్చిన జంటచుట్ట పికప్‌లో స్విచ్చి అమర్చి ఒక చుట్టను ఆపివేయవచ్చును. ధ్వని పలుచనగును, రొద తిరిగి వచ్చును. రెండింటిని శ్రేణిలోగాక సమాంతరముగా కలిపినచో ప్రేరకత్వము నాలుగవ వంతునకు తగ్గి ధ్వని తేటపడును; రొద మాత్రము రాదు. ఇది ఎందువలననో తక్కువమంది వాడుచున్నారు.

పికప్ ఉన్న గుంటలో రాగిరేకు అంటించి దానిని ఎర్తునకు కలుపుట మరొక ప్రసిద్ధ మార్పు. ఇది విద్యుత్ క్షేత్రమువలని జరజరను ఆపును; అయస్కాంత క్షేత్రమువలని రొదను ఆపదు. రెంటిని గుర్తించుట సులభము. తంత్రులను చేతితో ముట్టుకొనగానే తగ్గినచో అది మొదటిది. గిటారును పట్టుకొని నిలుచున్నచోటనే ప్రక్కకు తిరిగినపుడు తగ్గినచో అది రెండవది. తంత్రులు ఎర్తునకు కలిపి ఉండుట మరువరాదు. మూడవ పిన్ను ఉత్తదైన ప్లగ్గుతో యాంప్లిఫయరు వాడుచు, అదే సమయమున మరొక లైనుపైనున్న మైకును పెదవికి తాకించినవానికి షాకు తగలవచ్చును. పందిళ్లలో వాయించువారు ముందు ఎర్తు సరిచూచుకొనవలెను. వాల్వుల యాంప్లిఫయరు లోపలి కెపాసిటర్లలో ప్లగ్గు తీసిన తరువాత కూడ ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలువ ఉండును గనుక విద్యార్థులు దానిని తెరువరాదు.

అయస్కాంతము మార్చుట

జంటచుట్ట పికప్‌లో రెండు చుట్టలక్రింద ఒకే పట్టీ అయస్కాంతము ఉండును. అడుగురేకు మరలు వదులు చేసినచో దానిని ప్రక్కకు జారచి తీయవచ్చును. అల్యూమినియము, నికెలు, కోబాల్టు, ఇనుము కలిసిన ఆల్నికో మిశ్రలోహముగాని, పింగాణివంటి ఫెర్రైటుగాని ఇందు వాడుదురు. ఫెర్రైటు తీసి ఆల్నికో పెట్టినచో సాధారణముగా ధ్వని మెత్తబడును. అయస్కాంతమును తీయుటకు ముందు దాని ఒక అంచున సుద్దతో గుర్తు పెట్టి, దిక్సూచితో ఏ అంచు ఉత్తరమో చూచుకొనవలెను. క్రొత్తదానిని త్రిప్పి పెట్టినచో పికప్ ఒంటరిగా బాగుగానే పలుకును. ప్రక్క పికప్‌తో కలిపినపుడు మాత్రము రెండును ఒకదానినొకటి ఖండించుకొని ధ్వని డొల్లగా వచ్చును. వాయించువాడు దోషము ఎచ్చటనున్నదో తెలియక వారములకొలది వెదుకును.

ఒంటిచుట్ట పికప్‌లు రెండు విధములు. చవుకవానిలో ప్లాస్టిక్ కండెపై తీగె చుట్టి, లోపల ఉక్కు మొలకలు దిగగొట్టి, అడుగున ఫెర్రైటు పట్టీ అంటింతురు. ఈ పట్టీని ఊడదీయవచ్చును. పాత పద్ధతివానిలో మొలకలే ఆల్నికో అయస్కాంతములు. తీగెను నేరుగా వానిచుట్టునే చుట్టి ఉందురు. ఇట్టిదానిలో మొలకను సుత్తితో కొట్టి జరపబోయినచో లోపలి చుట్టు తెగును. కిలోమీటరు తీగెలో మొదటి అంగుళము తెగినను చుట్ట మొత్తము మూగపోవును.

తీగె తెగినపుడు

మూగపోయిన పికప్‌ను మల్టీమీటరుతో పరీక్షింపవలెను. అనంత నిరోధము చూపినచో ఎచ్చటనో తెగినది. తొందరపడరాదు: తెగినచోటు చాలమారులు చుట్ట బయటి కొసవద్ద, సోల్డరింగు చేసిన బిందువు సమీపముననే ఉండును. భూతద్దముతో చూచి, బయటి చుట్టు ఒకటి నెమ్మదిగా విప్పి, పై పూతను గీకి, మరల సోల్డరింగు చేసినచో పికప్ బ్రతుకును. ఒకటి రెండు చుట్లు పోయినందున తేడా తెలియదు. తెగినది లోపలనైనచో మొత్తము తిరిగి చుట్టుట తప్ప దారిలేదు.

ఇచ్చటనే పెద్ద పొరపాటు జరుగును. పికప్‌లను గూర్చిన అమెరికా పుస్తకములలో "42 నంబరు తీగె" అని ఉండును. అది అమెరికా గేజి. మన అంగళ్లలో చిరకాలముగా చెల్లుచున్నది బ్రిటిషు గేజి. బ్రిటిషు గేజిలో 42 నంబరు తీగె వ్యాసము 0.10 మిల్లీమీటరు. కావలసిన 0.063కు సరిపోవునది సుమారుగా 46 నంబరు. పుస్తకము చూచి 42 నంబరే కొన్నవానికి ఏమగును? కండెలో 8000 చుట్లు పట్టు చోటున 3100 చుట్లే పట్టును. నిరోధము 6000 ఓములకు బదులు 900. ప్రేరకత్వము చుట్ల వర్గమునుబట్టి ఉండుటచే ఆరవ వంతునకు పడిపోవును. శ్రమపడి చుట్టిన పికప్ పీలగా పలుకును. అందువలన నంబరు చెప్పక మిల్లీమీటర్లలో అడిగి, మైక్రోమీటరుతో కొలిచి తీసికొనవలెను. స్క్రూగేజి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉండనే ఉన్నది. మోటారు వైండింగు దుకాణములోని తీగె దీనికి ఎంతయో లావు. రిలేలు, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టువారివద్ద సన్నతీగె దొరకును.

చుట్టుటలోని కష్టము సిద్దిపేట గొల్లభామ చీరలు నేయు ఇండ్లలో పెరిగిన పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. రాట్నముపై కండె చుట్టునపుడు నూలును ఎంత బిగువుతో పట్టవలెనో చేతికే తెలియవలెను. బిగువెక్కువైన తెగును, తక్కువైన చుట్లు వదులై కుప్పపడును. పికప్ తీగె నూలుకన్న బలహీనము. తిరుగు కండెకు చిన్న అయస్కాంతము, ప్రక్కన సైకిలు మీటరువంటి లెక్కింపు సాధనము అమర్చుకొనువారు కలరు. వ్రేళ్లనడుమ మెత్తని బట్టతో తీగెను పట్టి ఇటునటు చెదరగొట్టుచు చుట్టినచో చుట్ల నడుమ కెపాసిటీ కొంత తగ్గును.

చుట్టిన పిదప మైనములో ముంచుదురు. చుట్లు వదులుగా నున్నచో పెద్దధ్వనికి తీగెలే అదిరి యాంప్లిఫయరునుండి కీచుమను కూత పుట్టును. పారఫిన్ మైనమును వేడినీటి గిన్నెలో ఉంచిన మరొక గిన్నెలో కరిగించి, 65 డిగ్రీలు మించకుండ చూచుచు, బుడగలు వచ్చుట ఆగువరకు పికప్‌ను ముంచి ఉంచవలెను. మైనపు గిన్నెను నేరుగా మంటపై పెట్టరాదు, అంటుకొనును. వేడి మించినచో ప్లాస్టిక్ కండె వంకరపోవును.

గిటారు లేని పాఠశాలలో కూడ ఈ విషయమంతయు చూపవచ్చును. ఒక ఇనుప బోల్టుపై పూతగల సన్నని రాగితీగె 500 చుట్లు చుట్టి, బోల్టు తలకు చిన్న అయస్కాంతమును అంటింపవలెను. చుట్ట రెండు కొసలను పాఠశాల యాంప్లిఫయరు మైకు సాకెట్టునకు కలిపి, బోల్టు రెండవ కొసను సోనోమీటరు ఉక్కు తీగెకు 3 మిల్లీమీటర్ల క్రింద నిలిపి తీగెను మీటవలెను. స్పీకరులో స్వరము వినబడును. బోల్టును గుఱ్ఱమువద్దనుండి నడిమికి జరుపుచు మీటినచో సన్నని పలుకు నిండుపలుకుగా మారుట గమనింపవచ్చును. పిమ్మట ఉక్కు తీగెను విప్పి, అంతే లావుగల ఇత్తడి తీగెను బిగించి మీటవలెను. సోనోమీటరు పెట్టెనుండి స్వరము వచ్చును. స్పీకరులో ఫ్యాను రొద తప్ప దాదాపు ఏమియు వినబడదు.